మారి రాని రోజులు

"మోటారు వేసినావా?"

ఆ ఇంట్లో తెల్లారితే మొదట వినపడే మాట అదే. కాఫీ తాగావా అని కాదు, రాత్రి నిద్ర పట్టిందా అని కాదు. వినోదిని కాపురానికొచ్చిన ఆరేళ్లలో ఆ మాట వినని పొద్దు ఒక్కటీ లేదు. అత్త అలమేలు పడక మీద కళ్లయినా తెరవకుండా అడుగుతుంది. మొగుడు శ్రీరంగ భుజాన తువ్వాలేసుకుని బాత్రూంలోకి పోతూ అడుగుతాడు. పోనీ ఆ స్విచ్చేమైనా మిద్దె మీద ఉందా అంటే, లేదు. బాత్రూం గుమ్మం పక్కనే, లోపలికి పోయేవాడి మోచేతికి తగిలే చోట ఉంది. దాన్ని నొక్కే వేలు మాత్రం ఆ ఇంట్లో ఒక్క మనిషికే ఉంది.

తమిళనాట ఉన్న రాజపాళయంలో మునిసిపాలిటీ నీళ్లకి ఒక రోజూ లేదు, ఒక వేళా లేదు. వీధి మొగలో గుంతలో ఉన్న వాల్వును తిప్పే మనిషి ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. అతని సైకిలు చప్పుడు వినగానే వినోదిని పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాలి. ముందు భూమిలోని సంపు నింపాలి, తర్వాత డ్రమ్ములు, తర్వాత మోటారు వేసి మిద్దె మీది తొట్టికి ఎక్కించాలి, పొంగిపోకుండా ఆపాలి. ఒక్క చెంబుడు పొంగినా అత్త నోరు సాయంత్రం దాకా ఆగదు. తొట్టిలో నీళ్లెంతున్నాయో ఎక్కి చూడాల్సిన పని వినోదినికి లేదు. వంటింట్లో కొళాయి తిప్పితే చాలు, ధార చప్పుడే చెబుతుంది. తొట్టి నిండుగా ఉంటే ధార దూకుతుంది. తగ్గేకొద్దీ ధార మెత్తబడుతుంది, అంటే తొట్టి ఖాళీ అయ్యే వేగం కూడా తగ్గుతూ వస్తుంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్ల పుస్తకం తెరిస్తే ఈ సంగతి మొదట్లోనే ఉంటుంది. వినోదిని లెక్కల్లో ఎమ్మెస్సీ చేసింది. పెళ్లికి ముందు ఆడపిల్లల కాలేజీలో ఆ పాఠం చెప్పింది కూడా.

ఆ ఉద్యోగం ఎలా పోయిందంటారా? ఎవరూ మానేయమనలేదు. అంత మొరటు మనుషులు కారు వాళ్లు. అలమేలు పిండి గిన్నె ముందు పెట్టి ఒకే ఒక మాటంది. "కాలేజీలో లెక్కలు చెప్పేదానికి ఊరంతా ఉండారు. ఈ ఇంట్లో ఇడ్లీకి రుబ్బేదానికి నువ్వు ఒక్కతే దా ఉండావు." శ్రీరంగ మాత్రం మెత్తగా, "ఇప్పుడు విడిచిపెట్టు, అప్పురం చూద్దాము" అన్నాడు. అప్పురం అంటే తర్వాత అని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో మాత్రం అది ఎన్నటికీ రాని రోజు పేరని వినోదినికి తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. కోడలు సుమ్మా, ఊరికే, ఇంట్లో ఉండగా పనిమనిషి ఎందుకని, అంట్లు తోమడానికి తళవాయిపురం నుంచి బస్సులో వచ్చే మారియమ్మాళ్‌ని కూడా ఆ నెలలోనే మాన్పించేశారు.

ఇంకొక సంగతి ఉంది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పేరు పెట్టి చెప్పరు. మూడో ఏడు వినోదినికి నెల తప్పింది. మూడో నెలలో ఉండగా మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు రేపు వస్తాను, మాపు వస్తాను అంటూ తిప్పాడు. ఆ నాళ్లన్నీ సంపులో నుంచి బిందెతో తోడి మిద్దె మెట్లెక్కి పోసింది వినోదినే. శ్రీరంగకి నడుం నొప్పి. కడుపు జారిపోయిన రోజు ఆసుపత్రిలో నర్సు బరువులు మోశావా అని అడిగితే, వినోదిని నోరు తెరవకముందే అత్త అందుకుంది. "నీళ్లు మోసినందుకు పోయేదైతే ఈ ఊర్లో ఒక్క బిడ్డ పుట్టి ఉండదు." నర్సు నవ్వింది. శ్రీరంగ కూడా నవ్వాడు. మంచం మీద నుంచి వినోదిని ఆ నవ్వును చూసింది. చూసి, దాచుకుంది.

శ్రీరంగ చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. తాగడు, చెయ్యెత్తడు. సత్రపట్టి మగ్గాల మీద నేసే బ్యాండేజీ గుడ్డ వ్యాపారం వాళ్ల నాన్న నాటిది, ఇప్పుడు అన్న చూసుకుంటున్నాడు. తమ్ముడు మాత్రం మదురై కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చుని డేటా పని చేస్తాడు. బంధువుల పెళ్లికి పోతే అన్నని అందరూ పలకరిస్తారు, తమ్ముడిని మాత్రం "నువ్వు ఇంట్లోనే దా ఉంటావా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అతన్ని లోపల కొరికేస్తుంది. ఇంట్లో ఉండేవాళ్లని ఆ ప్రశ్న ఎలా కొరుకుతుందో అతనికి బాగా తెలుసు. తెలిసినా దాన్ని పెళ్లాం దగ్గర ఎప్పుడూ వాడుకున్నాడే గాని, ఆమె వైపు నుంచి ఒక్కసారీ ఆలోచించలేదు.

అలాంటివాడికి ఒక పోటీ దొరికింది. కోయంబత్తూరు వైపు ఏదో పెద్ద ఫ్యాక్టరీ. అక్కడ ఒకదానికొకటి గొట్టాలతో కలిపిన మూడు పెద్ద నీళ్ల తొట్లు. వాటిలో నీటిమట్టం ఎప్పుడెంత ఉందో కొన్ని నెలల లెక్క ఇంటర్నెట్లో పెట్టారు. అది చూసి తర్వాతి రోజుల్లో మట్టం ఎలా మారుతుందో చెప్పాలి. ఎవరి అంచనా నిజానికి దగ్గరగా ఉంటే వాళ్లు పైన. మొదటి అయిదు జట్లను కంపెనీ పిలిచి ఉద్యోగమిస్తుంది. దేశం నలుమూలల నుంచీ రెండు వేలకు పైగా జట్లు దిగాయి. శ్రీరంగ తనకు తెలిసిన రెడీమేడ్ పద్ధతులన్నీ దానిమీద రుద్దాడు. పదకొండు వందల చిల్లర స్థానం దగ్గర కూలబడ్డాడు.

ఒక సాయంత్రం కాఫీ ఇవ్వడానికి వచ్చిన వినోదిని తెర మీది గీతను చూసి నిలబడిపోయింది. పైన నిటారుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ మెత్తబడుతున్న గీత. ఆమె రోజూ చెవులతో వినే ధారే అది. "ఇది తొట్టి ఖాళీ అవుతుండాది గదా. మట్టం ఎంతని కాదండి, ఏ వేగంతో మారుతుండాదని రాయాల" అంది. శ్రీరంగ తల తిప్పకుండానే, "నువ్వు పోయి దోసె పొయ్యి" అన్నాడు. ఆమె పోయి దోసెలు పోసింది. మర్నాడు అతను అన్న షాపుకు పోయినప్పుడు, అత్త మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు, ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని మూడు తొట్లకు మూడు ఈక్వేషన్లు రాసింది. వచ్చే నీళ్లెంత, పోయే నీళ్లెంత, పోయే వేగం మట్టంతో పాటు ఎలా తగ్గుతుంది, అంతే. అన్నేళ్లకి చేతివేళ్లు పిండి కోసం కాకుండా ఇంకొకదాని కోసం కదిలాయి. శ్రీరంగ వచ్చి పంపి చూస్తే జట్టు మొదటి నలభైలోకి దూకింది. అతను చాలాసేపు తెర వైపు చూసి, "ఎవరు చెప్పినారు నీకు?" అని అడిగాడు. ఆమెకే తెలిసి ఉండొచ్చన్నది అతనికి తట్టనే లేదు.

అక్కడి నుంచి పని ఆమెది, కుర్చీ అతనిది అయింది. కుక్కరు కూతకూ కూతకూ మధ్య, బట్టలు నానడానికీ పిండడానికీ మధ్య ఆమె వచ్చి నిలబడే ఉండి టైపు చేసేది. అలా చేస్తుండగా ఒక చిత్రం కనపడింది. నడిమి తొట్టిలో ప్రతి పొద్దునా మట్టం ఈక్వేషను ఒప్పుకునే దానికంటే కొంచెం ఎక్కువ దిగుతోంది. ఆ నీళ్లు ఏ గొట్టంలోకీ పోవడంలేదు, ఏ మీటరులోనూ పడడంలేదు. యంత్రమైతే గడియారం చూసినట్టు ఒకే వేళకు తీసుకుంటుంది. ఇది అలా కాదు, ఒకరోజు కాస్త ముందు, ఒకరోజు కాస్త వెనక. బస్సు ఆలస్యమైన మనిషిలాగా. వినోదినికి వెంటనే తెలిసిపోయింది, అక్కడొక ఆమె ఉంది. ఎక్కడి నుంచో పొద్దున్నే బస్సు దిగి, ఆ తొట్టికి కింద ఉన్న కొళాయి చేత్తో తిప్పి, బకెట్లు పట్టి, ఆ ఫ్యాక్టరీ కడిగే మనిషి. సెన్సర్లు పెట్టిన ఇంజనీర్లు అన్నిటికీ ఒక్కో కాలమ్ ఇచ్చారు. పంపుకు ఇచ్చారు, వాల్వుకు ఇచ్చారు, బయటి ఎండకు కూడా ఇచ్చారు. ఆమెకు మాత్రం ఇవ్వలేదు. వినోదిని నడిమి తొట్టి ఈక్వేషన్లో ఇంకొక పదం చేర్చి, మారియమ్మాళ్ తలపుకొచ్చి దానికి మారి అని పేరు పెట్టింది. పాత నెలల లెక్క అంతా గీత మీద గీతలా సరిపోయింది.

శ్రీరంగకు అది గిట్టలేదు. దానికి కారణం ఉంది. ఆ పోటీలో ఒక మెలిక పెట్టారు. అంచనా వేయాల్సిన రోజుల్లో మొదటి వారం మార్కు మాత్రమే రోజూ బయటికి కనిపిస్తుంది. మిగతా రోజుల మార్కు దాచి ఉంచి, గడువు ముగిశాక తీస్తారు, గెలుపు దానిమీదే. కనపడే ఆ వారంలో మారి లేదు. మారిని చేర్చి పంపితే జట్టు ముప్ఫై ఒకటి, తీసేసి పంపితే నాలుగు. నాలుగు! ఆ అంకె చూశాక శ్రీరంగకి అన్నం దిగలేదు. "అది నాయిస్. తీసేయి" అన్నాడు. నాయిస్ అంటే లెక్కకు పనికిరాని గోల అని. వినోదిని తేదీలు లెక్కగట్టి చూపించింది. ఆ వారం దీపావళి.

"ఆమె పండగకు ఊరికి పోయినాది. మళ్లీ వస్తాది."

"ఎవరు?"

"ఆ నీళ్లు పట్టే ఆమె."

అతను పగలబడి నవ్వాడు. అమ్మను పిలిచి మరీ చెప్పాడు, నీ కోడలికి కంప్యూటర్లో పనిమనిషి కనపడిందట అని. అలమేలు కూడా నవ్వి, అట్లయితే మన అంట్లు తోమేదానికి రమ్మని చెప్పు అంది. వినోదిని నవ్వులు ఆగేదాకా ఆగి, మళ్లీ విడమర్చి చెప్పింది. చివరికి ఏ రెండు అంచనాలను లెక్కలోకి తీసుకోవాలో జట్టే టిక్కు పెట్టి చెప్పాలి. రెండూ మారి లేనివే పెడితే, ఆమె తిరిగి వచ్చిన రోజు నుంచీ తప్పు పోగవుతూ పోతుంది, తొట్టి ఖాళీ అయినా మన లెక్కలో నీళ్లుంటాయి. ఒకటి మారి ఉన్నది, ఒకటి లేనిది పెట్టుకుంటే ఎటు పోయినా గట్టెక్కుతాం. శ్రీరంగ సరే సరే అన్నాడు. అతని కళ్లు నాలుగు అంకె మీదే ఉన్నాయి.

ఆమెకు ఉద్యోగం మీద ఆశ ఉందా? ఉంది. ఎందుకుండదు? కాని అంతకంటే ముందు ఆమె కోరింది చాలా చిన్నది. జట్టులో తన పేరు. కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఒక ఆఖరి తేదీ ఉంది. దానికి ముందే ఆమె అడిగింది, గట్టిగా కూడా కాదు, సాంబారు వడ్డిస్తూ. "అప్పురం" అన్నాడు శ్రీరంగ. రెండోసారి అడిగింది. "చేర్చుతాను, ఎందుకు తొందర పడతావు?" అన్నాడు. తేదీ దాటిన మర్నాడు అంచనా పంపడానికి పేజీ తెరిస్తే శ్రీరంగ పేరు కింద ఇంకొక పేరు ఉంది. విజయరాఘవ. మదురై కంపెనీలో శ్రీరంగకు పైన ఉండేవాడు, ఈ పోటీలో ఒక్క గీత కూడా గీయనివాడు. అడిగితే శ్రీరంగ కోప్పడలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. వాడు రేపు నాలుగు చోట్ల మన గురించి మాట్లాడేవాడు. నీ పేరు పెట్టి ఏం చేసేది? మొగుడూ పెళ్లామూ జట్టు కట్టినారంటే జనం నవ్వుతారు. ఒకే ఇంట్లో నీ పేరేమి, నా పేరేమి?

వినోదిని ఆ రోజు ఏడవలేదు. ఏడుపు రాకపోయేసరికి ఆమెకే భయమేసింది. బట్టలు ఉతికి మిద్దె మీద ఆరేసి, తొట్టి పక్కన కాసేపు నిలబడింది. తను చచ్చిపోతే ఈ ఇంట్లోవాళ్లకి ముందు తెలిసేది కొళాయిలో ధార సన్నబడినప్పుడే అనిపించింది. అలా అనిపించినా కిందికి దిగి అప్పడాలు వేయించింది. ఇంకా ఒకటి మిగిలి ఉంది కదా, మారి నిజం. పేరు లేకపోయినా ఆ లెక్క గెలిస్తే చాలు, ఎక్కడో ఒకచోట తన లెక్క నిలబడిందని తనకైనా తెలుస్తుంది. అంతదాకా దిగిపోయింది ఆమె ఆశ.

గడువు ముగిసే ముందు రోజు ఆదివారం. విజయరాఘవను శ్రీరంగ భోజనానికి పిలిచాడు. వినోదిని పొద్దుటి నుంచీ వత్తకుళంబు, కూటు, వడ, పాయసం చేసింది. మగవాళ్లిద్దరూ ఆకుల ముందు కూర్చున్నారు, లాప్‌టాప్ పక్కనే స్టూలు మీద. విజయరాఘవ ఎడమచేత్తో ప్రోగ్రాం పైకీ కిందికీ జరుపుతూ, ఈక్వేషన్లు బలే ఉన్నాయని మెచ్చుకున్నాడు. శ్రీరంగ వినోదిని మాటలే, ఆమె చెప్పిన వరసలోనే, తొట్టి ఖాళీ అయ్యే వేగం దగ్గరి నుంచీ అప్పజెప్పాడు. విజయరాఘవ ఒకచోట ఆగాడు.

"ఈ మారి ఎవరు?"

వినోదిని పాయసం గరిటెతో వెనకనే ఉంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, శ్రీరంగ తన వైపు చూస్తాడనుకుంది. అతను వడ కొరుకుతూ అన్నాడు.

"అది ఈమె టైపింగులో పెట్టినది. ఇంట్లో పిల్లలు లేరు, పొద్దుపోవాల గదా. నేను దా ఏదో ఒకటి చెయ్యమని ఇస్తుంటాను."

గుమ్మం దగ్గర కూర్చున్న అలమేలు కొడుకు మాటకు తన మాట చేర్చింది. "బిడ్డను ఎత్తుకోలేని చేతికి ఏదో ఒకటి ఇచ్చిపెట్టాల. లేకపోతే పిచ్చి పట్టేస్తాది, పావం."

విజయరాఘవ తల వంచుకున్నాడు. వంచుకుని పాయసం తాగాడు. తాగి, "ఇంకా కొంజం వేయండి, వదినా" అన్నాడు. వినోదిని వేసింది. మెట్ల మీద బిందె బరువు, నర్సు నవ్వు, ఆ నవ్వుతో కలిసిన మొగుడి నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలబడ్డాయి. ఆ బిడ్డను మోసింది ఈ ఒళ్లే, ఈ ఇంటి నీళ్లను మోసి ఆ బిడ్డను పోగొట్టుకుంది ఈ చేతులే. ఇప్పుడు ఈ చేతులు ఖాళీ అని, జాలిపడి లెక్కలిచ్చామని ఎంగిలాకుల ముందు చెబుతున్నారు. ఆమె గరిటె గిన్నెలో పెట్టి వంటింట్లోకి పోయింది. ఆకులు తీసింది, నేల తుడిచింది. తుడుస్తూ ఉండగానే కోపం కూడా ఎటో పోయింది. మిగిలింది ఒక చల్లటి తెలివి మాత్రమే.

సాయంత్రం విజయరాఘవ మదురై బస్సెక్కాక శ్రీరంగ టిక్కులు పెట్టడానికి కూర్చున్నాడు. పెట్టలేకపోయాడు. నాలుగో స్థానం నోటికాడి దాకా వచ్చింది, ఇప్పుడు జారితే? లేచాడు, తిరిగాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆరేళ్లలో అతను ఒక సంగతి అడగడానికి అక్కడి దాకా రావడం అదే మొదలు.

"నువ్వు చెప్పు. ఆ మారి ఉండేది ఒకటి పెట్టల్నా?"

చూడండి, ఎంత చిన్న మాట. ఊ అంటే చాలు. వారం రోజులుగా తను మళ్లీ మళ్లీ చెప్పిందే అది. ఊ అంటే లెక్క గెలుస్తుంది, శ్రీరంగ గెలుస్తాడు, విజయరాఘవ గెలుస్తాడు. అలమేలు వీధంతా లడ్లు పంచుతుంది, వాటికి బూందీ వేయించేది వినోదిని. కోయంబత్తూరులో కాపురం పెడతారు, అక్కడా ఒక స్విచ్చు ఉంటుంది. ఊహూ అంటే తన లెక్కను తన చేత్తోనే చంపినట్టు. లోకంలో తనదంటూ మిగిలిన ఒకే ఒక్క వస్తువు. ఆమె పిండిలో మునిగిన చేతుల వైపు చూసుకుంది. మళ్లీ మొగుడి మొహంలోకి చూసింది. ఆ భయం చూడటం ఆమెకు తియ్యగా ఉంది. తియ్యగా ఉందని తనకి తాను ఒప్పుకుంది కూడా.

"వద్దండి," అంది, "మీరు చెప్పిందే సరి. అది నాయిస్ దా."

శ్రీరంగ గట్టిగా ఊపిరి విడిచాడు. "ఇప్పుడు దా నీకు బుద్ధి వచ్చినాది" అని నవ్వి, పోయి మార్కుల్లో పైనున్న రెండింటికీ టిక్కు పెట్టాడు. రెండింటిలోనూ మారి లేదు. హాల్లో అలమేలు, దాన్ని అడిగేది ఏముందిరా అంటోంది.

గడువు మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు ముగుస్తుంది, ఫలితమూ అప్పుడే తెరుస్తారు. అలమేలు ముందే కొడుక్కి గట్టిగా చెప్పి ఉంచింది. తలకు పోసుకుని, నామం పెట్టుకుని, దీపానికి దణ్ణం పెట్టి, అప్పురం దా ఆ డబ్బా తెరవాల. పాచిముఖంతో చూస్తే వచ్చేది కూడా రాదు. వాళ్ల ఇంట్లో పరీక్ష ఫలితాలు, కోర్టు తీర్పులు, పెళ్లి సంబంధాల జవాబులు అన్నీ అలాగే చూస్తారు. శ్రీరంగకి ఇందులో అమ్మ మాట దాటే ధైర్యం లేదు. ఆమె కొబ్బరికాయ, పూలు సంచిలో వేసుకుని పెరుమాళ్ కోవెలలో అర్చనకు చీకటితోనే బయల్దేరింది. శ్రీరంగ నూనె రాసుకుని, శీకాయపొడి గిన్నె పట్టుకుని బాత్రూంలోకి పోయాడు. పోతూ పోతూ అడిగాడు, మోటారు వేసినావా అని. జవాబు కోసం ఆగలేదు. ఎన్నడూ ఆగింది లేదు.

వినోదిని స్టూలు మీది లాప్‌టాప్ తెరిచింది. ఆమెకు దీపమూ అక్కర్లేదు, నామమూ అక్కర్లేదు. దాచిన రోజుల మార్కులన్నీ బయటపెట్టారు. శ్రీరంగ, విజయరాఘవల జట్టు నాలుగులో నుంచి ఆరు వందల పన్నెండుకు పడింది. పండగ అయిపోయింది, నీళ్లు పట్టే ఆమె తిరిగి వచ్చింది, మళ్లీ బకెట్లు పట్టింది. ఆమె వచ్చిన రోజు నుంచీ వీళ్ల గీత ఒక దారి, నిజం ఒక దారి. గడువు ముగిశాక టిక్కు పెట్టని అంచనాల మార్కులు కూడా కనపడతాయి. మారి ఉన్న దాన్ని వెతికి చూసింది. దానికి టిక్కు పెట్టి ఉంటే రెండో స్థానం. రెండు వేలకు పైగా జట్లలో రెండోది.

ఆ అంకెను వేలితో ఒకసారి తాకింది. ఏడ్చింది కూడా, చప్పుడు లేకుండా, కొంగు నోట్లో పెట్టుకుని. తన బంగారం లాంటి లెక్క. ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పరు. కాని నిన్న వంటింట్లో అన్న మాటను ఇప్పుడు మళ్లీ అడిగితే మళ్లీ అదే అంటుందా? అంటుంది. కళ్లు తుడుచుకుని ఆ మాట తనకే గట్టిగా చెప్పుకుంది. లాప్‌టాప్‌ను బాత్రూం తలుపు వైపు తిప్పి పెట్టింది, ఆరు వందల పన్నెండు పెద్దగా కనపడేలా. ఫోను, ఎమ్మెస్సీ సర్టిఫికెట్టు, నాలుగు చీరలు ముందే సర్దుకున్న సంచిలో ఉన్నాయి. సేత్తూరు పోయే మొదటి బస్సుకు ఇంకా వేళ ఉంది. సేత్తూరులో నాన్న నవనీతకృష్ణన్ పచారీ కొట్టు ఉంది. ఆయన చాలా ప్రశ్నలు అడుగుతాడు. అడగనీ. వాటికి జవాబులు ఆమె దగ్గరున్నాయి.

బాత్రూంలో ధార మెత్తబడింది. ఆమె చెవులకు అది ముందే తెలుసు. నిన్న సాయంత్రం నుంచి మోటారు వేయలేదు. తొట్టి అడుగున ఎన్ని నీళ్లున్నాయో, నూనె తల మనిషి శీకాయ రుద్దుకునేదాకా వస్తాయో, కడుక్కునేదాకా వస్తాయో ఆమె లెక్కగట్టే ఉంచింది. ఈ లెక్కకు కంప్యూటరు అక్కర్లేదు. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగింది. లోపల చెంబు ఖాళీ బకెట్టుకు తగిలిన చప్పుడు. తర్వాత కళ్లలో శీకాయ పడ్డ మనిషి మూలుగు.

"వినో! నీళ్లు లేదు! మోటారు వేసినావా?"

ఆమె సంచి భుజానికి తగిలించుకుని బాత్రూం తలుపు దగ్గరికి వచ్చింది. స్విచ్చు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"వినో! ఎక్కడ సచ్చినావు? మోటారు!"

"మోటారు వేసే ఆమె ఊరికి పోయినాదండి," అంది వినోదిని, తలుపుకు నోరు దగ్గరగా పెట్టి. "ఈసారి పండగకు కాదు."